ఏజెన్సీలో రక్తదానం: భయం ఒక్కటే కారణమా?

క్లుప్తంగా

విశాఖ ఏజెన్సీలో రక్తం ఇచ్చేవాళ్లు తక్కువ అనగానే, అవగాహన లేకపోవడమే కారణం అంటారు. అది సగం మాటే. బరువు, హిమోగ్లోబిన్, మలేరియా నిబంధనల దగ్గరే ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. రక్తం ఇవ్వమనే మాట మొదటిసారి చెవిన పడేది ఇంట్లో మనిషి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు. రమ్మని పిలిచేవాళ్లలో సొంతవాళ్లు ఉండరు. సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) రోగులకు ఆదివాసీ దాతల అవసరం నిజమే. అలాగని కొండ మీద రక్తం కొరత తీర్చే బరువు కొండ మీదివాళ్లే మోయాలనడం కుదరదు.

ఎవరి గురించి ఈ చర్చ

విశాఖపట్నంలో మైనారిటీ అనగానే మతం గుర్తుకొస్తుంది. రక్తం విషయానికి వస్తే లెక్క వేరు. తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకుంటూ వచ్చిన చిన్న సమూహాల్లో కొన్ని రక్త లక్షణాలు పేరుకుంటాయి, కొన్ని దాదాపు కనిపించకుండా పోతాయి. ఆ కోణంలో చూస్తే విశాఖకు దగ్గరి సమూహాలు ఏజెన్సీ ఆదివాసీలే: బగత, కొండదొర, వాల్మీకి, కోంధు, పోర్జ, గదబ, కోటియ, నూకదొర, కొండకమ్మర.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. కాగితం మీద జిల్లాలు విడిపోయాయి గానీ రోగం దారి మారలేదు. పాడేరులోనో అరకులోనో కుదరని కేసు నూరు కిలోమీటర్లకు పైగా ఘాట్ దిగి విశాఖకే వస్తుంది. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉత్తరాంధ్రకే కాక సరిహద్దు ఒడిశాకు కూడా ఆఖరి ఆశ. అందుకే కొండ మీది రక్తం సంగతి నగరం సంగతి కూడా.

ఈ ప్రశ్న ఇప్పుడు ముందుకు రావడానికి కారణం ఉంది. సికిల్ సెల్ ఎనీమియాను 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ మిషన్ ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది అందులో మొదటి పని. దేశంలో సికిల్ కణాన్ని తొలిసారి గుర్తించింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసీల్లో. డెబ్బై ఏళ్ల తర్వాత ఊరూరా వేలి కొన మీద సూది గుచ్చుతున్నారు. దాంతోపాటు రక్తదానం మాట కూడా గ్రామాల్లోకి వెళుతోంది. ఈ రెండూ కలిసిపోయి గందరగోళం మొదలైంది.

పరీక్షకు తీసేది, దానానికి తీసేది

రక్తదాన శిబిరం పెట్టినచోట "మొన్న బడి దగ్గర ఇచ్చాం కదా, మళ్లీ ఎందుకు" అని అడిగేవాళ్లుంటారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. రెండు చోట్లా సూది ఉంటుంది, తెల్లకోటు ఉంటుంది, కాగితం మీద పేరు రాస్తారు. తేడా ఏమిటో విడమరిచి చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

సికిల్ సెల్ తొలి పరీక్షకు వేలి నుంచి ఒకటి రెండు చుక్కలు చాలు. అనుమానం వస్తే నిర్ధారణ కోసం నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్లు తీస్తారు, అంటే అర టీస్పూను. రక్తదానంలో తీసేది 350 మిల్లీలీటర్లు. 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450 వరకు తీసుకోవచ్చు. 45 కిలోల మనిషి ఒంట్లో సుమారు 3 లీటర్ల రక్తం ఉంటుంది కాబట్టి 350 అంటే అందులో పదో వంతుకు కాస్త ఎక్కువ. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది, ఎర్ర కణాలకు కొన్ని వారాలు పడుతుంది, ఇనుము నిల్వ నిండటానికి ఇంకా ఎక్కువ. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల ఎడం ఉండాలన్న నిబంధన వెనక ఉన్న లెక్క ఇదే.

పరీక్ష ఫలితం మీద ఇంకో అపోహ. ఫలితం మూడు రకాలుగా వస్తుంది: మామూలు, వాహకం, జబ్బు. వాహకం అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువే వచ్చిందని. వాళ్లు రోగులు కారు. మామూలుగా బతుకుతారు, పొలం పని చేస్తారు, కొండ ఎక్కుతారు. నిజానికి ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా నుంచి ఆ ఒక్క జన్యువు కొంత కాపాడుతుంది. మలేరియా ఉన్న అడవుల్లో అది తరాలపాటు నిలిచిపోవడానికి కారణం అదే. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే చిక్కు: ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

వాహకులు రక్తం ఇవ్వవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. హిమోగ్లోబిన్ సరిపడా ఉంటే చాలా దేశాల్లో తీసుకుంటారు. అయితే ఆ రక్తాన్ని సికిల్ సెల్ రోగులకు, అప్పుడే పుట్టిన బిడ్డలకు ఎక్కించరు. తెల్ల కణాలను వేరుచేసే ఫిల్టర్లో అది ఒక్కోసారి అడ్డుపడి ఆగిపోతుంది కూడా. కాబట్టి వాహకులమని తెలిసినవాళ్లు ఆ మాట బ్లడ్ బ్యాంక్ డాక్టరుకు ముందే చెప్పాలి, నిర్ణయం ఆయనకు వదలాలి. దాచాల్సినంత తప్పు అందులో ఏమీ లేదు. దాచేలా చేస్తున్నది పెళ్లి సంబంధాల భయం. పరీక్ష చేసిన చోటే, అదే రోజు, వాహకం అంటే ఏమిటో ఇంటి పెద్దలకు అర్థమయ్యేలా చెప్పకపోతే ఈ భయం పోదు.

గ్రూపు కలిస్తే చాలదా

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఎ, బి, ఓ గ్రూపులను గుర్తించినప్పటి నుంచి గ్రూపు అంటే మనకు అవే, పక్కన పాజిటివో నెగటివో. అవి రెండు వ్యవస్థలు మాత్రమే. ఎర్ర కణం మీద ఉండే గుర్తులను శాస్త్రజ్ఞులు ఇప్పటికి 40కి పైగా వ్యవస్థలుగా లెక్కగట్టారు. మామూలు ఆపరేషన్‌కు ఒకటి రెండు బాటిళ్లు ఎక్కించేటప్పుడు మిగతా గుర్తులు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. జీవితాంతం రక్తం ఎక్కించుకునేవాళ్ల పరిస్థితి వేరు.

ఉదాహరణకు సికిల్ సెల్ ఉన్న పిల్లవాడికి మొదటి బాటిల్ హాయిగా పడుతుంది. రెండోదీ పడుతుంది. దాత కణాల మీద ఉండి తన కణాల మీద లేని గుర్తు ఏదైనా ఉంటే పిల్లవాడి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుని యాంటీబాడీ తయారు చేసుకుంటుంది. తర్వాత ఎప్పుడో అదే గుర్తున్న రక్తం ఎక్కిస్తే కొన్ని రోజులకు ఆ కణాలు చితికిపోతాయి. కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లబడుతుంది, ఎక్కించకముందు ఉన్నంత రక్తం కూడా మిగలకపోవచ్చు. అక్కడి నుంచి ప్రతిసారీ క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో పొసగుతుందో లేదో చూసే పరీక్ష) కష్టమవుతుంది. గ్రూపు కలిసిన బాటిళ్లు ఫ్రిజ్ నిండా ఉన్నా అతనికి సరిపడేది దొరకకపోవచ్చు. అందుకే సికిల్ సెల్ రోగులకు ఎబిఓ, ఆర్‌హెచ్‌డి (పాజిటివో నెగటివో తేల్చే గుర్తు)తో పాటు సి, ఇ, కెల్ వంటి గుర్తులు కూడా చూసి ఎక్కించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇలాంటి పోలిక దగ్గరివాళ్లలో దొరికే అవకాశం ఎక్కువ. ఇక్కడ దగ్గరివాళ్లంటే రక్తసంబంధీకులే కానక్కర్లేదు, అదే తెగవాళ్లు, అదే ప్రాంతంవాళ్లు. దూరం పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది.

బాంబే గ్రూపు దీనికి మంచి ఉదాహరణ. వై.ఎం. భెండే, ఆయన సహచరులు 1952లో బొంబాయిలో దీన్ని గుర్తించారు. మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. వీళ్లకు ఓ గ్రూపు రక్తం కూడా పడదు, మరో బాంబే గ్రూపు మనిషి రక్తమే కావాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే అరుదైన జన్యువు వస్తేనే ఇది ఏర్పడుతుంది కాబట్టి మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్నచోట కనిపించే అవకాశం పెరుగుతుంది. ఒడిశాలోని కుటియా కోంధుల్లో ఈ గ్రూపు ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. కోంధు గ్రామాలు సరిహద్దుకు ఇటువైపు కూడా ఉన్నాయి. అలాంటి మనిషి ఒకరు ఫలానా ఊళ్లో ఉన్నారని ముందే తెలిసి ఉంటే, మరో మనిషికి అవసరమైన రాత్రి వెతుకులాట కొన్ని గంటలు తగ్గుతుంది.

ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుంది

మైనారిటీ సమూహాల రక్తదానం మీద బ్రిటన్‌లో చాలా పని జరిగింది. అక్కడ సికిల్ సెల్ రోగుల్లో ఎక్కువమంది ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్నవాళ్లు. వాళ్లకు తరచుగా కావాల్సింది ఆర్‌ఓ అనే ఉపరకం. నల్లజాతీయుల్లో సగానికి పైగా ఈ రకం ఉంటుంది. అక్కడి మొత్తం దాతల్లో చూస్తే నూటికి ఇద్దరు ముగ్గురిలోనే కనిపిస్తుంది. ఇచ్చేవాళ్లు ఒక జాతి, కావాల్సినవాళ్లు ఇంకో జాతి కావడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

అక్కడి ఆరోగ్య సేవ ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. ప్రచారంతో పాటు నిబంధనల్లోకీ తొంగిచూడాల్సి వచ్చింది. హెచ్‌ఐవీ విస్తృతంగా ఉన్న ప్రాంతాలవాళ్లతో సంబంధం ఉందా అని, సబ్ సహారన్ ఆఫ్రికాను ఉదాహరణగా చూపుతూ దాతలను అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. దానివల్ల ఎంతోమంది నల్లజాతీయులు గుమ్మంలోనే ఆగిపోయేవారు. 2021లో ఇంగ్లండ్‌లో ఆ ప్రశ్నను తీసేశారు. ఒకవైపు రమ్మని పిలుస్తూ మరోవైపు వాళ్లనే తిప్పి పంపుతున్నామని వ్యవస్థ ఒప్పుకున్న సందర్భం అది.

ఆ అంకెలను విశాఖకు అతికించలేం. కొండ మీదివాళ్లకూ మైదానంవాళ్లకూ రక్త గుర్తుల్లో తేడా లండన్‌లో కనిపించేంత పెద్దది కాదు. విశాఖలో ఒక విద్యార్థి ఇచ్చిన రక్తం పాడేరు బాలింతను నిక్షేపంగా బతికిస్తుంది. ప్రసవంలో రక్తస్రావం, మలేరియాతో పడిపోయిన పసిపిల్లలు, ఘాట్ రోడ్డు ప్రమాదాలు: వీటన్నిటికీ గ్రూపు కలిసిన ఏ రక్తమైనా సరిపోతుంది. ప్రత్యేకమైన పోలిక కావాల్సింది పదేపదే ఎక్కించుకునే కొద్దిమందికి. "ఆదివాసీల రక్తం ఆదివాసీలకే" అన్న మాట ఒక నినాదంగా బయల్దేరితే ఈ తేడా మరుగున పడుతుంది. నగరవాసి తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి దారి చూపినట్టవుతుంది.

మైలుతుత్తం నీళ్లలో చుక్క

ఇంగ్లండ్ నుంచి పనికొచ్చే పాఠం నిబంధనల గురించి. అది తెలియాలంటే శిబిరంలో మొదటి బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడాలి.

చిన్న గాజు పాత్రలో నీలం రంగు నీళ్లుంటాయి. అది కాపర్ సల్ఫేట్ ద్రావణం, కాఫీ తోటల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమే. సాంద్రత 1.053 ఉండేలా కలుపుతారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయి కూర్చుంటుంది. నర్సు వేలి మీద గుచ్చి, చుక్కను సన్నటి గొట్టంలోకి తీసి, ఆ నీళ్లలోకి వదులుతుంది. హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చుక్క పదిహేను సెకన్లలోపు గింజలా మునిగిపోతుంది. లేకపోతే మధ్యలో తటపటాయించి పైకి తేలుతుంది. ఈ అమ్మాయి చుక్క తేలింది. "నీకు రక్తం లేదమ్మా, వెళ్లు" అంటారు. వెనక వరుసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు, వివరించే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ ఒక్క మాట ఊరికి చేరుతుంది. "నాకు రక్తం లేదట." ఇంట్లో అమ్మ కంగారు పడుతుంది. పక్కింటి పిల్ల వచ్చే ఏడు శిబిరానికి రాదు.

అసలు ఆ అమ్మాయికి జబ్బు ఉండకపోవచ్చు. గర్భిణి కాని స్త్రీకి రక్తహీనత అనేది 12కు తగ్గితేనే. రక్తం ఇవ్వడానికి 12.5 కావాలి. 12.2 ఉన్న మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే, దానానికి మాత్రం పనికిరాదు. ఇది ఆమెను కాపాడటానికి పెట్టిన హద్దు. ఆ మాట ఆమెకు చెప్పడానికి అర నిమిషం చాలు.

నిజంగానే రక్తహీనత ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 59 మంది దాకా రక్తహీనతతో ఉన్నారు. ఇది మొత్తం రాష్ట్రం లెక్క. కొండ మీద నులిపురుగులు, మలేరియా, వెంటవెంట కాన్పులు దీనికి తోడవుతాయి. ఆంధ్ర ప్రాంత గిరిజన తెగల్లో ఆల్ఫా తలసీమియా (ఒంట్లో హిమోగ్లోబిన్ తయారీని తగ్గించే) జన్యువు ఎక్కువగా ఉన్నట్టు చాలాకాలం కిందటే తేలింది. అది ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంటుంది, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెద్దగా పెరగదు.

బరువు ఇంకో గీత. 45 కిలోలు లేకపోతే తీసుకోరు. మలేరియా వస్తే పూర్తిగా తగ్గిన తర్వాత మూడు నెలలు ఆగాలి. వానాకాలంలో ఒకసారి జ్వరం వచ్చి తగ్గిన యువకుడు సంక్రాంతి దాకా పక్కనే ఉండిపోవచ్చు. పచ్చబొట్టు కొత్తగా వేయించుకుంటే ఏడాది. చిన్నప్పుడెప్పుడో వేయించుకున్నది అడ్డు కాదు, కానీ ఆ తేడా తెలియక చేతినిండా పచ్చబొట్లున్న ఆడవాళ్లు తమకు తామే వెనక్కి తగ్గుతారు.

వీటిలో ఏ నిబంధనా ఆదివాసీల మీద పగతో పెట్టింది కాదు, ప్రతిదానికీ వైద్య కారణం ఉంది. అన్నీ కలిసినప్పుడు మాత్రం, నగరంలో పదిమంది వస్తే ఎనిమిదిమంది దాతలయ్యే చోట, కొండ మీద ఉత్సాహంగా వచ్చిన పదిమందిలో సగం మంది కూడా మిగలని పరిస్థితి రావచ్చు. ఆ మిగలనివాళ్లను లెక్కలో "దానానికి ముందుకు రానివాళ్లు"గా చూపడం అన్యాయం. వాళ్లు ముందుకొచ్చారు.

భయం ఎక్కడ పుడుతుంది

భయం ఉంది, లేదనడం లేదు. రక్తం ఇస్తే నీరసించిపోతామని, పనికి వెళ్లలేమని, మగతనం పోతుందని, ఒకసారి పోయిన రక్తం మళ్లీ రాదని అనుకునేవాళ్లు కొండ మీదా ఉన్నారు, గాజువాకలోనూ ఉన్నారు. కొండ మీది భయానికి ఉన్న ప్రత్యేకత అది పుట్టే సందర్భం.

ఏజెన్సీ కుటుంబానికి తరచూ ఎదురయ్యే క్రమం ఇది. రోడ్డు లేని గ్రామం. కాన్పు కష్టమైంది. కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకుంటూ రోడ్డుదాకా వస్తారు. అక్కడి నుంచి పీహెచ్‌సీ, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రి, అక్కడా కాదంటే అంబులెన్స్‌లో ఘాట్ దిగి నగరం. అప్పటికి అర్ధరాత్రి దాటుతుంది. వెంట వచ్చింది భర్త, బావమరిది, ఒక ఆశా కార్యకర్త. బయటికొచ్చిన నర్సు "బాబూ, మీలో రక్తం ఎవరిస్తారు?" అని అడుగుతుంది. భర్తకు తెలుగు అంతంత మాత్రం, ఇంట్లో మాట్లాడేది కోంధుల భాష కువి. పొద్దున్నుంచి తిండి లేదు, ముప్పై కిలోల బరువు భుజాన మోసుకొచ్చాడు. ఆ క్షణంలో తన రక్తం కూడా తీసుకుంటారంటే ఇద్దరం పోతామేమో, పిల్లలు ఎవరికి అనుకుంటాడు. భార్య బతికితే సరే. బతకకపోతే రక్తం, ఆసుపత్రి, చావు మూడూ ఆ ఊరి జ్ఞాపకంలో ఒకే ముడిగా పడిపోతాయి.

రోగి బంధువుల నుంచి బదులు రక్తం తీసుకునే ఈ పద్ధతి దేశమంతటా ఉంది. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి సుప్రీంకోర్టు 1996 తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి ఆగిపోయింది. ఆ ఖాళీని చాలావరకు బంధువులే పూడ్చారు. 2002 జాతీయ రక్త విధానం స్వచ్ఛంద దాతలే ఆధారంగా ఉండాలని చెప్పింది. నగరంలో స్నేహితులు, ఆఫీసువాళ్లు, వాట్సాప్ గ్రూపులు ఉన్న కుటుంబానికి బదులు దాత దొరకడం ఒక గంట టెన్షన్. ముగ్గురే వచ్చిన కుటుంబానికి అది దాటలేని గోడ.

రెండో మూలం పాత అనుభవాలు. ఏజెన్సీలో దశాబ్దాలుగా మలేరియా కోసం రక్తపూతలు తీస్తున్నారు. తీసుకెళ్లినవాళ్లు ఫలితం చెప్పడానికి తిరిగి వచ్చిన సందర్భాలు తక్కువైతే, రక్తం బయటివాళ్లు పట్టుకుపోయే వస్తువుగానే మిగులుతుంది. 2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు జరిగింది. టీకా వేసిన బాలికల్లో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 2010లో ప్రాజెక్టును ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ సమయంలో సంభవించిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. అనుమతి అడిగిన తీరు తప్పన్న మాట మాత్రం నిలబడే ఉంది.

అమెరికాలో హవాసుపాయి తెగవాళ్లు మధుమేహ పరిశోధన కోసమని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. తమకు చెప్పని వేరే పరిశోధనలకు కూడా దాన్ని వాడారని తర్వాత తెలిసింది. 2010లో విశ్వవిద్యాలయం పరిహారం ఇచ్చి, మిగిలిన నమూనాలను తెగవాళ్లకు తిరిగి అప్పగించింది. వేల మైళ్ల దూరంలోని రెండు సమాజాలు ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: నా రక్తం ఎక్కడికి వెళ్లింది? దీన్ని అజ్ఞానం అనడం పొరపాటు. ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే ఇది.

పిలిచేవాళ్లు ఎవరు

తెలుగు నేల మీద రక్తదానం ఎలా పెరిగిందో చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. చిరంజీవి బ్లడ్ బ్యాంక్ 1998 అక్టోబరు 2న మొదలైంది. అప్పటి నుంచి హీరోల పుట్టినరోజులకు అభిమాన సంఘాలు శిబిరాలు పెట్టడం ఊరూరా అలవాటైంది. నాయకుల పుట్టినరోజులు, వర్ధంతులు, కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు ఆ దారిలోనే నడిచాయి. విశాఖలో స్టీల్‌ప్లాంట్, నౌకాదళం, యూనివర్సిటీలు, పెద్ద కంపెనీలు ఉండటంతో ఇలాంటి శిబిరాలకు కొదవ లేదు. పుస్తకం చదివి దాత అయినవాళ్లకంటే "తమ్ముడూ, రేపు పొద్దున వచ్చెయ్" అని ఒక అన్న ఫోన్ చేస్తే వచ్చినవాళ్లే ఎక్కువ. పక్కవాడు ఇచ్చి, బిస్కెట్ తిని, నవ్వుతూ లేచి వెళ్లడం కళ్లారా చూస్తే సగం భయం పోతుంది.

నగరంలోని మిగతా చిన్న సమూహాల్లో కూడా ఇదే కనిపిస్తుంది. మార్వాడీ, జైన కుటుంబాల్లో సంఘాలే శిబిరాలు పెడతాయి కాబట్టి అక్కడ వెతుక్కోవాల్సిన పనిలేదు. ముస్లిం కుటుంబాల్లో మతం అడ్డొస్తుందన్న మాట వినిపిస్తుంది గానీ, ప్రాణం కాపాడేందుకు రక్తం ఇవ్వడాన్ని మత పెద్దలు పుణ్యకార్యంగానే చెబుతారు. రంజాన్ ఉపవాస వేళల్లో శిబిరం పెట్టకుండా ఉంటే చాలు. రేవులోనూ భవన నిర్మాణంలోనూ పనిచేసే ఒడిశా, బిహార్ కూలీలను మాత్రం ఎవరూ పిలవరు. వాళ్లకు దినకూలీ పోతుంది.

ఆదివాసీ యువతకు ఆ అన్న ఎవరు? అభిమాన సంఘం లేదు, కంపెనీ లేదు. అయితే గుర్తించాల్సిన మార్పు ఒకటి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, నగరంలోని గిరిజన సంక్షేమ హాస్టళ్లలో, నర్సింగ్, ఐటీఐ, పాలిటెక్నిక్ కాలేజీల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు చదువుతున్నారు. భోజనం కాస్త కుదురుగా ఉంటుంది, మలేరియా బెడద తక్కువ, బరువు, హిమోగ్లోబిన్ గీత దాటే అవకాశం ఎక్కువ. తెలుగు వచ్చు, ఇంటి భాషా వచ్చు. బ్లడ్ బ్యాంకుకు అరగంట దూరంలో ఉంటారు. ప్రత్యేక పోలిక కావాల్సిన సికిల్ సెల్ రోగుల కోసం దాతల జాబితా తయారు చేయాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. మారుమూల గ్రామంలో డోలీ మోసే మనిషి దగ్గర మొదలుపెట్టడం తిరగబడిన పని.

ఆ పిల్లలు సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మోచేతి మీది చిన్న ప్లాస్టర్ చూపించి "నేనిచ్చాను, నాకేం కాలేదు" అంటే, పీహెచ్‌సీ గోడ మీది పోస్టరు కంటే అది ఎక్కువ దూరం వెళుతుంది. పాడేరు మోదకొండమ్మ జాతరలోనో, వారపు సంతలోనో ఈ మాట సొంత మనిషి నోట, సొంత భాషలో వినపడాలి. కువి, ఆదివాసీ ఒరియా, గదబ మాట్లాడే ఇళ్లలో తెలుగు అంగీకార పత్రం కూడా పరాయి కాగితమే.

రాబోయే రోజుల్లో ఏం జరగవచ్చు

సికిల్ సెల్ పరీక్షలు పెరిగేకొద్దీ ఇన్నాళ్లూ పేరు లేకుండా ప్రాణాలు తీసిన జబ్బుకు పేరు వస్తుంది. రోగుల జాబితా పొడవవుతుంది. వాళ్లందరికీ రక్తం అక్కర్లేదు. హైడ్రాక్సీయూరియా మాత్ర క్రమం తప్పకుండా వాడితే నొప్పులూ తగ్గుతాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గుతుంది. మాత్ర అందని చోట ఆ లోటు బ్లడ్ బ్యాంక్ మీద పడుతుంది. రక్తం పరిమితమైన వస్తువు కాబట్టి మాత్ర సరఫరాను కూడా రక్తదానం లెక్కలోనే చూడాలి. ప్రతి ఐరన్ మాత్రనూ, దోమతెరనూ అంతే.

సికిల్ సెల్, తలసీమియా, హిమోఫీలియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలని నేషనల్ బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ కౌన్సిల్ చెప్పింది. ఉచితం అన్నది ధరకే గానీ, బదులు దాతను తెమ్మనే ఒత్తిడి ఉన్నంతకాలం పేద కుటుంబానికి అది పూర్తిగా ఉచితం కాదు. ఏజెన్సీ రోగికి బదులు అడగకుండా ఇచ్చి, ఆ ఖాళీని నగర శిబిరాల రక్తంతో నింపడం జరిగే పనే. విశాఖలో ఒక కాలేజీ శిబిరంలో వచ్చే రక్తంలో కొంత భాగాన్ని ముందే కొండ కోసం పక్కన పెట్టవచ్చు.

పంపడానికి మార్గం కూడా నిబంధనల్లో ఉంది. ఏడాదికి 2,000 యూనిట్లకు మించి వాడని ఆసుపత్రులు పూర్తి బ్లడ్ బ్యాంక్ లైసెన్సు లేకుండానే, అనుమతితో బ్లడ్ స్టోరేజ్ సెంటర్ నడపవచ్చు. పెద్ద బ్యాంక్ సేకరించి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసి పంపుతుంది. అక్కడ నిల్వ చేసి, క్రాస్ మ్యాచ్ చేసి ఎక్కిస్తారు. కావాల్సింది 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిలబడే ఫ్రిజ్, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్, రాత్రిపూట ఉండే టెక్నీషియన్. ఎర్ర కణాలు 42 రోజులు నిలవుంటాయి. గడువు దగ్గరపడ్డ యూనిట్లను ఘాట్ కిందికి తిప్పి పంపి, కొత్తవి తెచ్చుకునే ఏర్పాటు లేకపోతే కొన్ని పారబోయాల్సి వస్తుంది, అదే వారం ఇంకో గ్రూపు దొరకదు.

శిబిరాల తేదీలు కూడా ఆలోచించాల్సినవే. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఈ రెండు రోజుల్లో నగరంలో రక్తం పోటెత్తుతుంది. ఏజెన్సీలో మలేరియా పెరిగేది, గెడ్డలు పొంగి దారులు తెగేది ఆ రెండింటి మధ్య వానల్లో. జూన్ 14న తీసిన రక్తం జులై 26కు గడువు దాటుతుంది. ఆగస్టు నెలంతా కొండ మీది ఫ్రిజ్‌లో రక్తం ఉండాలంటే నగరంలోని హాస్టళ్లు, ఆఫీసుల్లో జులై రెండో సగంలో ఇంకో శిబిరం, ఆగస్టు మధ్యలో మరొకటి పెట్టాలి.